కోటు కింద ముసలమ్మ

చలికాలం పొద్దున్నే మా వదిన పనికి బయల్దేరే ముస్తాబు చూసి తీరాలి. ముందు మందపాటి బనీను. దాని మీద మా ఆయన కాలేజీ రోజుల్లో వేసుకుని వదిలేసిన ఊదారంగు స్వెట్టరు. తలకు మఫ్లరు, చేతులకు తొడుగులు, కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు. ఇదంతా అయ్యాక వంటింటి అరలోంచి ఒక స్టీలు డబ్బా తీసి, తువ్వాల్లో చుట్టి, పొట్ట మీద ఆనించి, పాత దుప్పటి చింపి కుట్టుకున్న పట్టీతో నడుం చుట్టూ బిగించి కట్టుకుంటుంది. ఆ పైన నల్లకోటు. బొత్తాలన్నీ పెట్టుకున్నాక అద్దం ముందు పక్కకు తిరిగి, పొట్ట నిమురుకుని, "ఏడో నెల పడ్డట్టుంది పిల్లా," అంటుంది నాతో.

యాభై దగ్గర పడుతున్న మనిషి, పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే సైకిల్ బెల్లు కొట్టి పక్కకు తప్పుకునే మనిషి, ఆ మాట అంటుంటే కాపురానికి వచ్చిన కొత్తలో నేను నోరెళ్ళబెట్టేదాన్ని. ఇప్పుడు, "జాగ్రత్తగా వెళ్ళి రండి వదినా, బరువులెత్తకండి," అని సాగనంపుతున్నాను.

వదిన మా ఆయనకు అక్క. మాతోనే ఉంటుంది. ఊరికి అటు చివర ఉన్న బేకరీలో రొట్టెల పిండి కలపడం ఆవిడ పని. కోటు కింద డబ్బాలో ఉండేది ముసలమ్మ. అంటే ఆ పిండి పొంగడానికి కలిపే పులిసిన పిండి. ప్యాకెట్లలో దొరికే ఈస్టు వాళ్ళు వాడరు. ఇవాళ్టి పిండిలోంచి ఓ ముద్ద తీసి దాచి, రాత్రికి దానికి కాస్త కొత్త పిండీ నీళ్ళూ పెడితే రేపటికి పనికొస్తుంది. రేపటి దాంట్లోంచి ఎల్లుండికి. అలా వదిన ఆ బేకరీలో చేరకముందు నుంచీ అది బతికే ఉంది. ఎవరు పెట్టారో గానీ దాని పేరు ముసలమ్మ.

"ముసలమ్మకు రాత్రి నిద్ర పట్టిందా సైకిలక్కా?" అని అడుగుతాడు అక్కడ ఓవెన్ దగ్గర పనిచేసే అతను.

"పట్టడమేమిటి, గురక కూడా పెట్టింది," అంటుంది వదిన. పులిసిన పిండిలో బుడగలు లేచి టప్పున పగులుతాయి. ఆ గురక అదే.

బేకరీ మధ్యాహ్నం తర్వాత మూసేస్తారు. ఓవెన్ చల్లారితే ఆ పాత రాతి గది చలికాలంలో మంచుపెట్టె అయిపోతుంది. అందుకని మొదటి మంచు పడ్డ రోజు నుంచీ ముసలమ్మ మా ఇంట్లో కాపురముంటుంది. మా వంటిల్లూ చలిదే. ఇంట్లో ఉన్న ఒక్క హీటరూ మూడేళ్ళ మా పాప గదిలో ఉంటుంది. దాన్ని అక్కడి నుంచి కదిలిస్తే నాకు నిద్ర పట్టదు. అయినా వంటింటి అరలో గడ్డకట్టదు కదా, అదే చాలంటుంది వదిన.

మొదట్లో డబ్బాను సైకిల్ ముందు బుట్టలో పెట్టుకుని వెళ్ళేదట. ఒకరోజు వంతెన దగ్గర గుంటలో చక్రం పడి, డబ్బా ఎగిరి, మూత ఊడి, ముసలమ్మ సగానికి సగం రోడ్డు పాలైంది. మిగిలిన సగాన్ని బతికించుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చిందట. అప్పట్నుంచి పొట్టకు కట్టుకోవడం మొదలైంది. "బుట్టలో ఉంటే ఎప్పుడైనా పడుతుంది. పొట్టకు కడితే నేను పడితేనే పడుతుంది," అనేది ఆవిడ లెక్క. కారణం ఇంతే. ఇంకో కారణం ఉందని ఆవిడకూ తెలియదు, రసాయనశాస్త్రం చదివిన నాకూ తోచలేదు.

వదిన సైకిల్ నేర్చుకున్నది ముప్ఫై దాటాక. వాళ్ళమ్మ పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. వాణ్ణి బడికి పంపి, బస్సెక్కి పనికి వెళ్ళేది. కిక్కిరిసిన బస్సు, మూసిన కిటికీలు, అద్దాలకు పట్టిన ఆవిరి, ఎవరు తుమ్మినా అందరికీ వాటా. దిగేసరికి పని మొదలుపెట్టకముందే ఒళ్ళు అలిసిపోయేదట. ఒక చలికాలం ఆ దారిలో బస్సు ఆపేశారు. ఇంటి ఓనరు మూలన పడేసిన సైకిల్ అడిగి తెచ్చుకుంది. బడి మైదానంలో తమ్ముడు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతుంటే నేర్చుకుంది.

"వదలకురా!"

"వదల్లేదక్కా, నువ్వు తొక్కు!"

వెనక్కి తిరిగి చూస్తే వాడు మైదానం అవతలి కొసన నిలబడి చేతులూపుతున్నాడట. కొన్నాళ్ళకు బస్సు మళ్ళీ వచ్చింది. వదిన మళ్ళీ ఎక్కలేదు.

వేసవిలో సైకిల్ ఎవరైనా తొక్కుతారంటుంది వదిన, చలికాలంలో తొక్కితేనే దాని రుచి తెలుస్తుందని. సాయంత్రాలు పాపకు అన్నం తినిపిస్తూ కథలకు బదులు ఆ పొద్దుటి దారి చెబుతుంది. వీధి దీపం కింద మంచు ఎలా రాలుతుందో, దాని మీద టైరు పోతే కొత్త కాగితం నలిపినట్టు ఎలా చప్పుడవుతుందో, తీగ మీద పిట్టలు ఒళ్ళు ఉబ్బించుకుని ఎలా కూర్చుంటాయో. మొదటి మలుపు దాకా చలి చెవులు కొరుకుతుంది. రెండో మలుపు దగ్గర తొడల్లో ఏదో దీపం వెలిగించినట్టవుతుంది. ఆ వెచ్చదనం నడుం మీదుగా వీపుకు పాకి, వంతెన ఎక్కేసరికి మెడ దగ్గరికి వచ్చేస్తుంది. అక్కడ కోటు పై బొత్తం తీస్తుంది. కింద నది మీద పొగలు లేస్తుంటాయి. వదిన నోట్లోంచీ పొగలు. "నదీ నేనూ పోటీ," అని పాపకు ఊది చూపిస్తుంది.

"అటూ ఇటూ జనం కారు అద్దాల మీద మంచు గీక్కుంటూ ఉంటారు పిల్లా. బస్టాపులో వాళ్ళు చంకల్లో చేతులు పెట్టుకుని గెంతుతుంటారు. నన్ను చూసి, అయ్యో పాపం చలికి సైకిల్ మీద పోతోంది అనుకుంటారు. నాకేమో చెమట పడుతుంటుంది. బెల్లు కొట్టి పోతాను."

ఆ బెల్లు మోత మాకు వీధి చివరి నుంచి వినబడుతుంది. వెళ్ళేటప్పుడు రెండుసార్లు, వచ్చేటప్పుడు ఆపకుండా.

ఒక మధ్యాహ్నం బెల్లు లేకుండా వచ్చింది. కోటు చెయ్యి చిరిగి ఉంది. మోచేతికి చేతిరుమాలు చుట్టుకుంది. రుమాలంతా ఎర్రగా ఉంది. వంతెన దిగాక వచ్చే మలుపులో, కంటికి కనబడని గాజుపొరలాంటి మంచు మీద చక్రం జారిందట. మంచు మీద రబ్బరుకు పట్టు ఎంత తగ్గిపోతుందో పుస్తకాల్లో చదువుకున్నదాన్ని నేను. తలకు తగిలి ఉంటే? వెనక బస్సు వస్తూ ఉంటే?

"అలా చూడకు, నేనింకా ఉన్నాను," అంది వదిన. డబ్బా తీసి చూపించింది. "ముసలమ్మకు సొట్ట మాత్రం పడింది."

సాయంత్రం మా ఆయన వచ్చాడు.

"ఎక్కడ పడ్డావక్కా?"

"నేల మీదేరా. ఇంకెక్కడ పడతారు?"

"నవ్వకు. నీకేమన్నా అయితే?"

"అయింది కదా, చూపించానుగా. ఇంతే అయింది."

"రేపట్నించి కారులో నేను దింపుతాను. ఇంకేం మాట్లాడొద్దు."

"మాట్లాడొద్దనడానికి నువ్వెవడివిరా? నీ ముక్కు చీదించినదాన్ని నేను."

ఈ గొడవ ఇంకాసేపు సాగేదే. ఇంతలో పాప తన బొమ్మకు కట్టిన దూది పట్టీ విప్పుకొచ్చి, అత్త మోచేతి మీద పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊదుతూ ఏడుపు మొదలుపెట్టింది. నా మాటా తమ్ముడి మాటా చెవిన వేసుకోని వదిన ఆ ఏడుపుకు దిగిపోయింది. "సర్లే, సర్లే. ఈ మంచు తగ్గేదాకా," అంది. సైకిల్ మెట్ల కిందికి చేరింది.

పాప పుట్టాక కొన్నాం ఆ కారు. మా చేతికి వచ్చేసరికే పాతది. అయినా మా ఆయనకు కొత్త పెళ్ళికూతురితో సమానం. అద్దానికి నిమ్మకాయ వాసన వచ్చే బొమ్మ కూడా వేలాడదీశాడు. మొదటి రోజు వదిన ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చోగానే ముక్కు మూసుకున్నాడు.

"అక్కా, ఈ ముసలమ్మ స్నానం చేసి ఎన్నాళ్ళయింది?"

"పుట్టాక చెయ్యలేదు."

"అయితే డిక్కీలో కూర్చోబెడదాం. లేకపోతే ఆఫీసులో నన్నెవరూ దగ్గరికి రానివ్వరు."

డబ్బా డిక్కీలోకి వెళ్ళింది. ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున్నే డబ్బా డిక్కీలో పెట్టడం, ఇంజను వేడెక్కేదాకా మంచు గీకడం, వంతెన మీద కార్ల వరసలో నిలబడటం, చివరికి బేకరీ.

కారు బాగుందా అని ఒకరోజు వదినను అడిగాను. "కారులో పోతే బేకరీ వస్తుంది పిల్లా, అంతే. మధ్యలో ఏమీ రాదు," అంది.

పాపకు చెప్పడానికి ఆవిడ దగ్గర కొత్త సంగతులు లేకుండా పోయాయి. పాప అడిగితే పాతవే చెప్పింది. పొద్దున్నే వేళ్ళు కొయ్యబారిపోతున్నాయని, పనిలో దిగేదాకా ఒళ్ళు కదలడం లేదని అంది. అదొక్కటే అయితే చలికాలం అని సరిపెట్టుకునేవాళ్ళం. రొట్టెలు కూడా పాడవడం మొదలైంది.

మంచి రొట్టెను తిరగేసి అడుగున వేలితో తడితే టకటకమని గుల్ల శబ్దం రావాలి. కారెక్కిన వారం నుంచీ దబ్బుదబ్బుమంటోంది. పిండి ఎప్పటిలాగే కలిపింది, ఎప్పటిలాగే మగ్గబెట్టింది. అది లేచినట్టే లేచి మధ్యలో కూర్చుండిపోతోంది. రోజూ ఎక్కువ రొట్టెలు కొనేది పక్కనున్న బడి. ఆ బడి వంటావిడ ఒక రొట్టె తెచ్చి కౌంటరు మీద ధడేల్మని పెట్టింది.

"ఇది తిని పిల్లల పళ్ళూడితే నేను అతికించాలా తల్లీ? గోడ కట్టుకుంటావా దీంతో?"

ఆ రోజు వదిన ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఏం చెయ్యలేదు గనక! పిండి బస్తా మార్చారు. పిండి తొట్టిని ఓవెన్ పక్కకు జరిపారు. పిండికి పైన తోలు కట్టింది, లోపల అలాగే ఉంది. ఇంక ఎక్కువసేపు ఆగుదామంటే బడి భోజనాల వేళ ఆగదు. నేను పాపను చంకనేసుకుని, నా దగ్గరున్న పొడవాటి గాజు థర్మామీటరు పట్టుకుని బేకరీకి వెళ్ళాను. నీళ్ళలో ముంచాను. పిండి బస్తాలో గుచ్చాను. గది నాలుగు మూలలా పట్టుకుని నిలబడ్డాను. అన్నీ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ముసలమ్మ ఎప్పుడో పిండిలో కలిసిపోయి ఉంది. దాని సంగతి నేను అడగనే లేదు. నీళ్ళలోనే ఏదో తేడా ఉందన్నాను. సీసాల్లో వేరే నీళ్ళు తెప్పించారు. రొట్టెలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అలాగే బండల్లా వచ్చాయి.

బేకరీ పెద్దాయన మెత్తని మనిషి. గట్టిగా ఒక మాట అనలేదు. ఆ మెత్తదనమే వదినను ఎక్కువ కోసింది. ఆయన అల్లుడు ఎన్నాళ్ళుగానో ఒకటే పోరు. తయారుగా గడ్డకట్టించిన పిండి ముద్దలు పెట్టెల్లో వస్తాయి, తెచ్చుకుని ఓవెన్లో పెట్టుకోవడమే, ఈ కలపడాలూ మగ్గబెట్టడాలూ ఎందుకని. పెద్దాయన ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు వదినను పిలిచి కుర్చీ వేశాడు.

"శనివారం దాకా చూద్దామమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే ముసలమ్మకు సెలవిచ్చేద్దాం. నువ్వు కౌంటరు మీదికి రా. కూర్చుని చేసుకునే పని. ఈ వయసులో నీకూ సుఖం."

వదిన ఇంటికొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

"పిండి బాగానే ఉంది పిల్లా, నీళ్ళూ బాగానే ఉన్నాయి. పోయినవి ఇవి. చెయ్యి పోయింది నాకు."

"ఊరుకోండి వదినా, చేతులెక్కడికి పోతాయి?"

"పోతాయి. నాకు ముందు అక్కడ పిండి కలిపిన ఆవిడకూ ఒకరోజు ఇలాగే పోయాయన్నారు. అప్పుడు నేను నమ్మలేదు."

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. రాత్రికి ముసలమ్మకు పిండీ నీళ్ళూ పెట్టేటప్పుడు మాత్రం దానితో ఏదో మాట్లాడటం వినబడింది.

శనివారం పొద్దున ఆ చలికాలానికే గట్టి చలి. కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పువ్వులు వేసింది. మా ఆయన ముందుగా దిగి కారు తాళం తిప్పాడు. కిర్ర్ కిర్ర్ కిర్ర్. మళ్ళీ తిప్పాడు. ఈసారి కిర్ర్ మని కూడా అనలేదు. వదిన డబ్బా చేతిలో పట్టుకుని కిందికి వచ్చింది. వెనకే పాపను ఎత్తుకుని నేను.

"బ్యాటరీ అక్కా. ఒక్క అయిదు నిమిషాలు."

బానెట్ ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. కారు కొండెక్కి కూర్చుంది.

వదిన కారు వైపు చూసింది. ఆకాశం వైపు చూసింది. నా వైపు తిరిగి, "పిల్లా, నా పట్టీ తెచ్చివ్వు," అంది.

"అక్కా, ఆగు. ఈ మంచులోనా? ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పు."

"ఇవాళా? ఇవాళ ఆలస్యంగా పోతే ఇంక ఎప్పుడు పోయినా ఒకటే. నీ బండికి జ్వరం తగ్గాక కబురు పెట్టు."

మెట్ల కింద నుంచి సైకిల్ లాగింది. చక్రాల్లో గాలి దిగిపోయి ఉంది. పంపు తీసి కొట్టడం మొదలుపెట్టింది. మా ఆయన నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. వంతెన మలుపు, రబ్బరు పట్టు, తల, బస్సు. కానీ గాలి కొడుతున్న వదిన మొహంలోకి చాలా రోజుల తర్వాత రంగు వస్తోంది. ఆ రంగు చూశాక అవన్నీ మింగేశాను.

"మలుపు దగ్గర దిగి నడవండి వదినా," అన్నాను.

"దిగుతాలే."

"నిజంగా దిగాలి."

"దిగుతానన్నానుగా, అమ్మవైపోయావు నువ్వు నాకు!" పొట్టకు డబ్బా కట్టుకుని, కోటు బొత్తాలు పెట్టుకుని, పాప బుగ్గ గిల్లి, సైకిలెక్కింది. వీధి చివర బెల్లు మోగింది. రెండుసార్లు కాదు, అదే పనిగా.

ఆ దారి సంగతి వదిన ఆ తర్వాత మాకు ఎన్నిసార్లు చెప్పిందో! మొదటి మలుపు దాకా చలి సూదుల్లా గుచ్చిందట. కళ్ళలో నీళ్ళు తిరిగి చెవుల దాకా కారాయట. రెండో మలుపు వచ్చింది, దీపం వెలగలేదు. అయిపోయింది, కాళ్ళు కూడా పోయాయి అనుకుందట. పంతం కొద్దీ తొక్కింది. బస్టాపు దాటింది. అప్పుడు, అనుకోకుండా, పిక్కల్లో మొదలైంది. పాత చుట్టం తలుపు తట్టినట్టు. తొడల్లోకి వచ్చింది, నడుంలోకి వచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు ఊపిరి ఇంజనులా ఆడుతోంది, వేళ్ళ చివర్లు తొడుగుల్లో మండుతున్నాయి. కార్లన్నీ వంతెన మీద బిక్కచచ్చి వరసగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కనుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ పోయింది. నది మీద పొగ. పొగలోంచి ఎర్రగా సూర్యుడు. పై బొత్తం తీసింది. రెండో బొత్తం కూడా తీసింది. మలుపు వచ్చింది. నాకిచ్చిన మాట గుర్తుంచుకుని దిగి, సైకిల్ చేత్తో పట్టుకుని, పెంగ్విన్ పిట్టలా చిన్నచిన్న అడుగులేస్తూ మంచు దాటింది. అవతల మళ్ళీ ఎక్కి, అక్కణ్ణుంచి బేకరీ దాకా ఉన్న పల్లంలో బ్రేకు మీద చెయ్యి వెయ్యకుండా జారిపోయింది.

"ఎవరూ లేరు కదాని గట్టిగా అరిచాను కూడా," అంది.

"ఏమని అత్తా?" అని పాప.

"ఏమనీ కాదు. ఊరికే, ఓ... అని."

బేకరీలో అడుగుపెట్టి కోటు విప్పుతుంటే ఏదో జిగటగా చేతికి తగిలిందట. చూస్తే డబ్బా మూత లేచిపోయి ఉంది. తువ్వాలు దాటుకుని, పట్టీ దాటుకుని, ఊదారంగు స్వెట్టరు నిండా ముసలమ్మ. బుడబుడలాడుతూ, పొంగి పొర్లి, కోటులోంచి బయటికి తొంగి చూస్తోంది.

ఓవెన్ దగ్గరి అతను చేతిలో ఉన్న గరిటె కింద పడేసి అరిచాడు. "పెద్దయ్యగారూ! రండి రండి! సైకిలక్కకు ప్రసవమైంది!"

వదిన స్వెట్టరు మీది నుంచి పిండిని గోకి గోకి తీసి తొట్టిలో వేసింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. వేళ్ళు ఎటు వంచితే అటు వంగాయి. పిండి కలుపుతుండగానే తెలిసిపోయిందట. ముద్దను నొక్కితే అది తిరిగి నొక్కిందట. కాసేపటికి తొట్టి మీద కప్పిన గుడ్డ మెల్లిగా పైకి లేవడం మొదలుపెట్టింది. గదిలో అందరూ పనులాపేశారు. దగ్గితే దిగిపోతుందేమోనన్నట్టు నిలబడి చూశారు. అది దిగలేదు.

మొదటి వాయి ఓవెన్లోంచి వచ్చేసరికి బడి వంటావిడ గుమ్మంలో ఉంది, మొహం మాడ్చుకుని, ఇవాళ్టితో తెగతెంపులు చేసుకుందామని. వదిన ఒక రొట్టె తిరగేసి ఆవిడ ముందు పట్టింది. ఆవిడ వేలు మడిచి తట్టింది.

టకటక.

ఇంకోసారి తట్టింది. ఇంకో రొట్టె తీసుకుని దాన్నీ తట్టింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే వీటిని?" అంది. రోజూ తీసుకునేన్ని తీసుకుని, ఇంకో రెండు సొంతానికి కొనుక్కుని పోయింది.

పెద్దాయన రొట్టె చివర తుంచుకుని, కళ్ళు మూసుకుని నమిలి, లేచి ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. "అల్లుడుగారూ, ఆ గడ్డకట్టిన ముద్దలు మీ ఫ్రిజ్జులోనే ఉంచుకోండి," అన్నాడు. పెట్టేసి, వదిన వైపు తిరిగి, "అమ్మా, ఆ కౌంటరు మాట నేననలేదు, నువ్వు వినలేదు," అన్నాడు.

అప్పుడు వదిన నాకు ఫోన్ చేసింది. "పిల్లా! లేచింది! గుడ్డ తోసుకుని లేచింది!"

నేను ఇంట్లో ఎగిరి గంతేశాను. నన్ను చూసి పాప కూడా గంతులేసింది.

"ఏం మార్చారు వదినా ఇవాళ?"

"ఏమీ మార్చలేదు. అదే పిండి, అవే నీళ్ళు, అదే తొట్టి."

"మరి?"

"మరి నువ్వు చెప్పు, చదువుకున్నదానివి."

"ఒక్కటే మారింది. మీరు సైకిల్ మీద వెళ్ళారు..." అంటూ నేను ఆగిపోయాను. అటు వైపు వదిన కూడా ఆగిపోయింది. ఇద్దరికీ ఒక్కసారే వెలిగింది.

"డిక్కీ!" అంది వదిన.

"డిక్కీ!" అన్నాను నేను.

థర్మామీటరు తీసుకుని కిందికి పరిగెత్తాను. మా ఆయన ఇంకా బానెట్ లోపల తల పెట్టుకునే ఉన్నాడు. డిక్కీ తెరిచి పెట్టి చూశాను. పాదరసం, నీళ్ళు గడ్డకట్టే సున్నా గీతకు కిందే ఉంది. అది తీసి నా కోటు లోపల, పొట్ట దగ్గర పెట్టుకుని, మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి చూశాను. వేసవి మధ్యాహ్నమంత వెచ్చగా ఉంది. పులిసిన పిండిలో తనంతట తాను పెరిగే ఈస్టుకు చలిలో నిద్ర, వెచ్చదనంలో మెలకువ అని బడి పిల్లలకు కూడా తెలుసు. వదిన అన్నాళ్ళూ దారి పొడుగునా దాన్ని ఒంటి వేడితో నిద్ర లేపుకుంటూ వెళ్ళింది. మేము దాన్ని మంచు డిక్కీలో పడుకోబెట్టి, జోలపాడి, బేకరీలో దింపాం. నేను థర్మామీటరు పెట్టని చోటు ఆ ఒక్కటే.

"ఏం చూస్తున్నావక్కడ?" అన్నాడు మా ఆయన.

"మీ అక్క రొట్టెలు ఎక్కడ పాడయ్యాయో చూస్తున్నాను," అన్నాను. విషయమంతా చెప్పాను. ఆయన అద్దానికి వేలాడే నిమ్మకాయ బొమ్మ వైపు చూసి, డిక్కీ మెల్లిగా మూశాడు.

మధ్యాహ్నం వీధి చివర నుంచే బెల్లు మొదలైంది. బుట్టలో వేడి రొట్టెలు, పొట్టకు ముసలమ్మ, స్వెట్టరు నిండా ఎండిన పిండి మరకలు. మేము ముగ్గురమూ గుమ్మంలో నిలబడ్డాం. రొట్టె తుంచుకుని తింటూ మా ఆయన అసలు మాటకు వచ్చాడు.

"అక్కా, తప్పు డిక్కీది. సోమవారం నుంచి డబ్బా నా పక్కన ముందు సీట్లో పెడదాం. హీటరు పెడతాను. వాసనొస్తే నేనే ముక్కు మూసుకుంటాను. సరిపోతుంది కదా?"

శాస్త్రం ప్రకారం సరిపోతుంది. నన్నడిగినా అదే చెప్పాలి. వదిన నా వైపు చూసింది. నేను పాపకు రొట్టె తుంచిపెట్టే పనిలో పడ్డాను.

"ముసలమ్మకు సరిపోతుందిరా," అంది వదిన. "నాకు సరిపోదు."

"పడితే?"

"మలుపు దగ్గర దిగి నడుస్తున్నాను. నీ పెళ్ళానికి మాటిచ్చాను. మిగతా దారి నాది. ఆ దారి లేకపోతే నాకు పొద్దు మొదలవదురా. నేను మొదలవకపోతే పిండి ఏం మొదలవుతుంది?"

మా ఆయన ఇంకో రొట్టె ముక్క తుంచుకున్నాడు. ఆ సాయంత్రం ఎక్కడికో వెళ్ళి సైకిల్‌కు మంచు టైర్లు తెచ్చాడు. టైరు నిండా చిన్నచిన్న ఇనప మొనలున్నాయి. ఆదివారమంతా మెట్ల దగ్గర కూర్చుని, చేతులు మసి చేసుకుని బిగించాడు. కోటు వీపు మీద అంటించడానికి మెరిసే పట్టీలు నేను తెచ్చాను. పాప తన వంతుగా బెల్లు తుడిచింది.

సోమవారం పొద్దున్నే వదిన ముస్తాబై, అద్దం ముందు పక్కకు తిరిగి, "మళ్ళీ ఏడో నెల," అంది. కిందికి దిగాం. కారు ఎండలోకి, అంటే ఎండ రాబోయే వైపుకి, తిరిగి నిలబడి ఉంది. దానికి కొత్త బ్యాటరీ వేశారు. అది బాగానే కదులుతుంది ఇప్పుడు. దాని వైపు ఎవరూ చూడలేదు.

వదిన పెడల్ మీద కాలు పెట్టగానే మా ఆయన వెనక క్యారియర్ పట్టుకున్నాడు.

"వదలరా, ఆలస్యమవుతుంది."

"కొత్త టైర్లు కదా, కొంచెం దూరం. నువ్వు తొక్కు."

వదిన తొక్కింది. ఆయన పరిగెత్తాడు. ఇనప మొనలు మంచులో కరకరమన్నాయి. వీధి సగం దాకా ఇద్దరూ కలిసి వెళ్ళారు. తర్వాత ఒకరే వెళ్ళారు.

"వదలకురా!" అని దూరం నుంచి వినబడింది, నవ్వుతూ.

"ఎప్పుడో వదిలేశాను!" అని ఈయన వీధి మధ్యలో నిలబడి చేతులూపాడు.

బెల్లు మలుపు తిరిగి వినబడకుండా పోయేదాకా అక్కడే ఉండి, ఆయాసపడుతూ వెనక్కి వచ్చాడు. నోట్లోంచి పొగలు, నుదుటి మీద చెమట. నేను పాపకు మఫ్లరు ఇంకో చుట్టు చుడుతుంటే, ఆయన తన కోటు పై బొత్తం తీసి, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు.

"ఇవాళ చలి లేదేం?" అన్నాడు.